పాత ఆటోమేటిక్ కారు గేరు జారుతుందా? లక్షన్నర కట్టే ముందు ఈ ముచ్చట వినుండ్రి

ఈసారి వీడియో ఎక్కడికో పోయి తీసింది కాదు, గోదావరిఖనిల మా ఇంటి ముందటనే. వెనక కనిపిస్తున్న తెల్ల కారు మాదే. 2013 మోడల్, ఆటోమేటిక్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు చెప్పను. ఇసొంటి కథ ఏ కంపెనీ కారుకైనా వస్తది.

మొన్న ఎండాకాలం ఒక సర్వీస్ సెంటర్ల నా చేతికి ఈ కాగితం ఇచ్చిన్రు. పేరు ఉన్నకాడ వేలు అడ్డం పెట్టిన, ఏమనుకోకుండ్రి. గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలె, 1,60,000, లేబర్ వేరే. కారు నడుస్తున్నప్పుడు అమ్మితేనే 1,80,000 వస్తదేమో! చివరకు మాకు అయిన ఖర్చు 24,000 లోపు. అట్లని వాళ్ళు మోసగాళ్ళు, నేను తెలివిగల్లదాన్ని అని చెప్పే వీడియో కాదు ఇది. గేర్‌బాక్స్ నిజంగనే ముసలిదైంది, ఇప్పటికీ పూర్తిగ బాగు కాలేదు. కానీ ముసలిదైన దానికీ, పోయిన దానికీ నడుమ చాన దూరం ఉంటది. ఆ దూరం ఎంతో కనుక్కోకుండనే చానమంది డబ్బులు కడుతున్నరు, లేకుంటే కారును తుక్కు రేటుకు ఇచ్చేస్తున్నరు.

ముందు ఈ కారు మాకు ఎందుకో చెప్త. మా బాపు సింగరేణిల డంపర్ ఆపరేటర్. ఇరవై రెండేండ్లు ఓపెన్‌కాస్టుల డంపర్ నడిపి రిటైర్ అయిండు. చివరి ఏండ్లల్ల ఎడమ మోకాలికి దెబ్బ తాకి ఆపరేషన్ అయింది. ఆ కాలు సగమే వంగుతది. క్లచ్ తొక్కలేడు. ఆ ఏడు దసరాకు లాభాల వాటా పడంగనే సెకండ్ హ్యాండ్‌ల ఈ ఆటోమేటిక్ కొన్నం. పదిహేను రోజులకోసారి మా అమ్మను కరీంనగర్ దవాఖానకు తీస్కపోయేది బాపే. కూరగాయలకైనా, దోస్తులను చూడనీకైనా ఇదే కారు. "అమ్మేసి ఒక మంచి మాన్యువల్ కొనుక్కోరాదు" అని చుట్టాలు ఎంతమంది చెప్పిన్రో. ఆ మాట వచ్చినప్పుడల్లా బాపు ఏం మాట్లాడకుండ బయటికి పోయి కూసుండేది. ఒకసారి మాత్రం అన్నడు, "కారు పోతే నేను ఇంట్ల సామాను లెక్కనే బిడ్డా" అని.

సరే, కారుకు ఏమైందో చూద్దాం.

మొదలు జనవరిల అనుకుంట. పొద్దున స్టార్ట్ చేసి డి ల వేస్తే వెంటనే కదలకపోయేది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టినంక దబ్బున పట్టుకునేది. చలికి అట్లనే ఉంటది అనుకున్నం. ఇది మా మొదటి తప్పు. మార్చిల ఇంకోటి మొదలైంది. బండి వేడెక్కినంక రెండో గేరు నుంచి మూడో గేరుకు పోయేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి పైకి లేస్తది, ఇంజిన్ అరుస్తది, బండి మాత్రం స్పీడు అందుకోదు. అర సెకండు అంతే. గేరు జారుడు అంటే ఇదే. మే నెలల ఒకనాడు కరీంనగర్ నుంచి వస్తుంటే పెద్దపల్లి దాటినంక డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగింది, గేరు మారుడు బంద్ అయింది. ఆపి మళ్ళ కదిలిస్తే ముసలి ఎద్దు బండి గుంజినట్టు గుంజుతున్నది. మూడో గేరుల ఇరుక్కపోయింది. దీన్ని లింప్ మోడ్ అంటరు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు ఏదో తేడా కనబడితే, ఇంకింత చెడిపోకుండ ఒక గేరుల తాళం వేసి మెల్లగ ఇంటికి పొమ్మంటది. బసంత్‌నగర్ టోల్‌గేటు దాటి, బొగ్గు లారీల వెనకవడి, నలభై స్పీడు మీద ఇంటికి చేరినం. అమ్మ వెనక సీట్ల కండ్లు మూసుకొని దేవునికి మొక్కుతనే ఉన్నది.

ఇంటికి రాంగనే బాపు అడిగిన మొదటి ప్రశ్న: "ఆయిల్ వేడి ఎంత చూపించింది?"

నేనన్న, "బాపూ, కారుల అది చూపించదు" అని. ఆయన నిజంగనే ఆశ్చర్యపోయిండు. ఎందుకంటే చానమందికి తెల్వని ముచ్చట ఒకటి ఉన్నది, మన బాయిల తిరిగే 60 టన్నుల, 100 టన్నుల డంపర్లు ఆటోమేటిక్‌లే. క్లచ్ పెడల్ ఉండదు. ఇంజిన్‌కు గేర్‌బాక్స్‌కు నడుమ టార్క్ కన్వర్టర్ ఉంటది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగ పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది తిరుగుతది కదా. ఆ గాలి జాగల ఆయిల్ అనుకోండ్రి. మా పాత కారుల ఉన్నదీ అదే, సైజే చిన్నది. డంపర్ల దాని ఆయిల్ వేడికి వేరే గేజ్ ఉంటది. ముల్లు ఎర్ర గీతల పడితే ఆపరేటర్ బండి ఆపి, న్యూట్రల్‌ల పెట్టి, ఇంజిన్‌ను కొంచెం ఎక్కువ స్పీడు మీద ఉంచి, ఆయిల్ చల్లబడే దాక ఆగుతడు. ఈ ఊళ్ళె ఆటోమేటిక్ కారు రిపేరు చేసేటోళ్ళు దొరకరు అని నేను నెల రోజులు తిరిగిన. టార్క్ కన్వర్టర్ గురించి తెలిసిన మనిషి మా ఇంట్లనే మంచం మీద కూసుండి పేపర్ చదువుతుండు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, మీ కారు గురించి. ఆటోమేటిక్ అని అందరం ఒకటే పేరు పెట్టి పిలుస్తం గని, లోపల నాలుగు రకాలున్నయి. ఏ రకమో తెల్వకుండ మెకానిక్ దగ్గరికి పోకుండ్రి. గేర్ లివర్ దగ్గర పి, ఆర్, ఎన్, డి తర్వాత 2, ఎల్ అని ఉండి, గేరు మారుడు మెత్తగ తెలుస్తుంటే, అది చానవరకు మా లెక్క టార్క్ కన్వర్టర్. పి అక్షరమే లేకుండ ఆర్, ఎన్, డి ఉండి, గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగుతుంటే ఏఎంటీ. స్పీడు పెరుగుతున్నా గేరు మారినట్టే అనిపించకుండ ఒకటే మోత వస్తుంటే సీవీటీ, దాంట్ల గేర్ల బదులు బెల్టు, పుల్లీలు. రెండు క్లచ్‌లు పెట్టి చకచక మార్చేది డీసీటీ. అనుమానం ఉంటే కారుతోని వచ్చిన పుస్తకం చూడుండ్రి, ఫోన్‌ల వెతికినా దొరుకుతది.

మన దగ్గర ఎక్కువ కనబడేది ఏఎంటీ. 2014ల మారుతి సెలెరియో ఏఎంటీతోని వచ్చింది. అంతకు ముందు ఆటోమేటిక్ అంటే డబ్బున్నోళ్ళ ముచ్చట. ఆ తర్వాతనే చిన్న ఊర్లకు చేరింది. అంటే ఆ మొదటి బండ్లకు ఇప్పుడు పదేండ్లు దాటినయి, రిపేర్లకు వచ్చే వయసు. ఏఎంటీ ఓనర్లకు మంచి మాట ఏందంటే, లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మీ ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పని ఒక పంపు, ఒక యాక్చువేటర్ చేస్తయి, అంతే. కాబట్టి గేర్‌బాక్స్ మొత్తం మార్చాలె అని ఎవరన్న అంటే ఎందుకు అని గట్టిగ అడుగుండ్రి. క్లచ్ అరిగి ఉండొచ్చు, యాక్చువేటర్ ఆయిల్ కారుతుండొచ్చు. ఒకటి గుర్తుపెట్టుకోండ్రి. షెడ్డుల క్లచ్ ప్లేటు మార్పించినంక స్కానర్ పెట్టి కొత్త క్లచ్‌ను కంప్యూటర్‌కు నేర్పించాలె. అది చేయకుంటే బండి దుంకుతది, ఒక్కోసారి గేరే పడదు. అప్పుడు "కొత్త క్లచ్ వేసినా బాగు కాలే, గేర్‌బాక్సే పోయింది" అంటరు.

గేర్‌బాక్స్ పోయింది అనే మాట వెనక దాక్కునే చిన్న దొంగలు ఇంకా ఉన్నరు. మా గల్లీల ఒకాయన కారు లివర్ పి నుంచి కదలనే లేదు. టోయింగ్ బండి పిలుస్తుంటే బాపు పోయి బ్రేక్ తొక్కుమని వెనక లైట్లు చూసిండు. వెలుగుతలేవు. బ్రేక్ తొక్కిన సంగతి కారుకు తెలిస్తేనే లివర్ కదులుతది, ఆ సంగతి చెప్పే స్విచ్చు పోయింది. కొన్ని వందల రూపాయల పని. డి ల వేసినప్పుడు ధన్‌మని కొట్టుడు, చానసార్లు ఇంజిన్ కింద ఉండే మౌంటింగ్ రబ్బరు చిరిగినందుకు వస్తది. స్పీడు పెంచేటప్పుడు వణుకుడు, స్పార్క్ ప్లగ్గు, కాయిల్ పోయినా అట్లనే వణుకుతది. బ్యాటరీ వీక్ అయినా గేర్‌బాక్స్ కంప్యూటర్ పిచ్చిపిచ్చిగ చేస్తది. మేము కూడా మొదలు బ్యాటరీ చూపించినం. మా బ్యాటరీ మంచిగనే ఉన్నది.

ఇగ ఆయిల్ సంగతి. మా కారుకు గేర్‌బాక్స్ ఆయిల్ చూసే కడ్డీ వేరే ఉన్నది. కొత్త కార్లల్ల చానవాటికి ఉండదు, కింద నుంచే చూడాలె. కడ్డీ ఉంటే చూసే పద్ధతి ఇంజిన్ ఆయిల్ లెక్క కాదు. బండి కొంత నడిపి వేడెక్కినంక, సమంగ ఉన్న జాగల ఆపి, ఇంజిన్ నడుస్తుండంగనే, బ్రేక్ మీద కాలుపెట్టి లివర్‌ను అన్ని గేర్లల్ల తిప్పి, పి ల పెట్టి చూడాలె. కొన్ని కార్లకు ఎన్ ల పెట్టమని ఉంటది, పుస్తకం చూస్కోండ్రి. తెల్ల బట్ట మీద తుడిస్తే ఆయిల్ ఎర్రగ, పల్చగ ఉండాలె. చిక్కటి చాయ్ రంగుల ఉంటే పాతదైంది. మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నయి. రోజ్ మిల్క్ లెక్క గులాబీగ, పాలపాలగ ఉంటే మాత్రం బండి స్టార్ట్ కూడా చేయకుండ్రి, రేడియేటర్ నీళ్ళు గేర్‌బాక్సులకు వచ్చినట్టు.

మాది నల్లగ ఉన్నది, గీత కన్న కింద ఉన్నది. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా, సిగ్గయినా సరే. ఒక దుకాణానికి పోయి ఆటోమేటిక్ గేర్ ఆయిల్ ఉందా అని అడిగిన. "స్టీరింగ్ ఆయిల్, ఇది ఒకటే అక్కా, రెండూ ఎర్రగనే ఉంటయి" అని ఒక డబ్బా ఇచ్చిండు. తెచ్చి అర లీటరు పోసిన. రెండు రోజులు మంచిగనే అనిపించింది. మూడో రోజు నుంచి ఇంతకు ముందు లేని వణుకు కొత్తగ మొదలైంది. రంగు ఒకటే ఉన్నా గుణం వేరే. ఒక్కో గేర్‌బాక్స్‌కు ఒక్కో నంబర్ ఆయిల్ ఉంటది, అది పుస్తకంల రాసి ఉంటది. సీవీటీ అయితే మరీ జాగ్రత్త, దాని ఆయిల్ పూర్తిగ వేరు, తప్పు ఆయిల్ పోస్తే బెల్టు జారి మొత్తం పోతది. "అన్నింటికీ పనికొస్తది" అని రాసి ఉన్న డబ్బా చూస్తే ఆ దుకాణం నుంచి బయటికి రండ్రి.

తర్వాతనే సర్వీస్ సెంటర్. అక్కడ కారు పెట్టుకున్నది రెండు గంటలు. స్కానర్ పెట్టిన్రు, ఒక రౌండు నడిపిన్రు, 1,60,000 రాసిచ్చిన్రు. లోపల ఏం పోయింది అని అడిగితే "మేము విప్పి రిపేరు చెయ్యం మేడమ్, అసెంబ్లీ మార్చుడే" అన్నరు. అది వాళ్ళ పద్ధతి, తప్పు పట్టను. స్కానర్ల ఏ కోడ్ వచ్చింది అంటే పి0700 అన్నరు. ఫోన్‌ల చూస్తే, పి0700 అంటే గేర్‌బాక్స్‌ల ఏదో కోడ్ ఉన్నది అని మాత్రమే. డాక్టర్ దగ్గరికి పోతే "మీకు జ్వరం ఉన్నది" అన్నట్టు. ఎందుకు వచ్చింది అని చెప్పే కోడ్ వేరే ఉంటది, దానికోసం గేర్‌బాక్స్ కంప్యూటర్‌లకు పోయి చూడాలె. కాబట్టి మీరు అడగాల్సింది: కోడ్ మొత్తం నంబర్ రాసివ్వుండ్రి. రాసివ్వకుంటే స్క్రీన్ ఫొటో తీస్కోండ్రి.

ఇంకో మాట కూడా అన్నరు, బాపు మొఖం చూసి. "మీరు మాన్యువల్ లెక్క నడిపిన్రు కావచ్చు, అందుకే పోయింది" అని. ఇరవై రెండేండ్లు డంపర్ నడిపిన మనిషితోని! బాపు నవ్విండు గని నాకు మండింది. ఈ మాట మనకొక్కళ్ళకే కాదు, పెద్ద పెద్ద దేశాలల్ల కూడా అన్నరు. ఫోర్డ్ వాళ్ళ పవర్‌షిఫ్ట్ అని రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఉండేది, ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లల్ల. ఆస్ట్రేలియాల దాని వణుకు గురించి కంప్లైంట్లు ఇచ్చినోళ్ళకు, మీ డ్రైవింగ్ వల్లనే అట్లయితుంది అని చెప్పిన్రు. 2018ల అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది, కంప్లైంట్లను పట్టించుకున్న తీరుకు. మన కారు పదేండ్లు దాటింది, వారంటీ లేదు, కోర్టుకు పోయే కేసు కాదు. కానీ డ్రైవింగే కారణం అని ఎవరన్న అంటే, ఏ పార్ట్ అరిగిందో చూపించుమని అడిగే హక్కు మనకు ఉన్నది.

హైదరాబాద్‌ల గేర్‌బాక్స్ విప్పి బాగుచేసేటోళ్ళను ఫోన్‌ల అడిగితే 75,000 నుంచి మొదలు అన్నరు, కారును ఫ్లాట్‌బెడ్ మీద పంపాలె. ఇంకొకాయన పాత కారుల నుంచి తీసిన గేర్‌బాక్స్ 45,000కు ఇస్తా, ఏడు రోజుల గ్యారంటీ అన్నడు. ఏడు రోజులు అంటే కరీంనగర్‌కు ఒక్కసారి పోయి వచ్చేటంత. పాత గేర్‌బాక్స్ కొనాల్సి వస్తే ఒకటి మరువకుండ్రి: రేడియేటర్ దగ్గర ఉండే ఆయిల్ కూలర్‌ను, పైపులను శుభ్రం చేయించకుండ కొత్తది పెడితే, పాతదాని రజను పోయి కొత్తదాన్ని కూడా తింటది.

ఆ రోజు రాత్రి మేము ముగ్గురం కూసుండి ఒక లెక్క రాసుకున్నం. కారు రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లకు, అంటే 2028 దాక. ఆ తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్. ఇంకో మూడేండ్లు అనుకుందాం. నడవని స్థితిల అమ్మితే 70,000 వస్తది. దీనికి మేము పెట్టగలిగేది 40,000. అంతకు మించి ఒక్క రూపాయి కూడా పెట్టం, ఎవరేం చెప్పినా. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించినం. ఇది చిన్న విషయం అనుకోకుండ్రి. గేర్‌బాక్స్ ఒక్కసారి విప్పినంక నడిమిట్ల ఆపలేం. "ఇంకో ఎనిమిది వేలు అక్కా, ఇంకో పన్నెండు వేలు" అని పోతనే ఉంటది, అప్పటికే పెట్టినం కదా అని మనం కూడా పెడుతనే ఉంటం. అందుకే విప్పకముందే హద్దు గీసుకోవాలె.

అప్పుడు బాపు తన దోస్తును పిలిచిండు. ఆయన సింగరేణి వర్క్‌షాపుల పెద్ద మెషిన్ల ఫిట్టర్‌గ పని చేసి రిటైర్ అయిండు. ఇప్పుడు చిన్న షెడ్డు నడుపుతుండు. కారు చుట్టూ ఒక రౌండు తిరిగి ఆయన అన్న మాట నాకు చాన నచ్చింది. "డంపర్‌ది నాకు తెలుసు. దీనిది తెల్వది. దీని పుస్తకం తే బిడ్డా, చదివినంకనే పాన పెడత." నేను వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించి, గేర్‌బాక్స్ ఉన్న పేజీలు ప్రింట్ తీసి ఇచ్చిన. రెండు రోజులు చదివిండు. తెల్వదు అని ఒప్పుకునే మెకానిక్ దొరికితే వదులుకోకుండ్రి. ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అన్న మంచి స్కానర్ తెచ్చి లోపలి కోడ్ తీసిండు. ఒక షిఫ్ట్ సోలినాయిడ్ పనిచేస్తలేదని వచ్చింది. సోలినాయిడ్ అంటే కరెంటు ఇస్తే ఆయిల్ దారి తెరిచే చిన్న వాల్వు, వేలంత ఉంటది.

కింద ఆయిల్ చాంబర్ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్న, వీడియో తీసిన. చాంబర్ల అయస్కాంతాలు ఉంటయి, ఇనుప రజను పట్టనీకి. వాటి మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే భయపడొద్దు, అన్నేండ్లు తిరిగినంక అది మామూలే. వేలితో రాస్తే గుచ్చుకునే ఇనుప ముక్కలు, రేకులు కనబడితే ఇగ అక్కడే మూసెయ్యాలె, లోపల గేర్లో బేరింగో పోయినట్టు. మా దాంట్ల పేస్టే ఉన్నది, గని నల్ల పొడి కొంచెం ఎక్కువనే ఉన్నది. అది క్లచ్ ప్లేట్ల పొడి. ఆయన వేలి మీద తీసి బాపుకు చూపించిండు. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. "అరిగింది. గని ఉన్నది" అన్నడు బాపు.

సోలినాయిడ్ మార్చినం, ఫిల్టర్ మార్చినం. కూలర్‌కు పోయే పైపు క్లిప్పు దగ్గర సన్నగ కారుతున్నది, ఆయిల్ తగ్గింది అక్కడ్నే, పైపు మార్చినం. పుస్తకంల ఉన్న నంబర్ ఆయిల్ హైదరాబాద్ నుంచి తెప్పించినం. కింద బోల్టు విప్పితే ఆయిల్ మొత్తం రాదు. సగం దాక టార్క్ కన్వర్టర్‌ల, పైపులల్ల ఉండిపోతది. అందుకే ఒకసారి మార్చి, వారం నడిపి, మళ్ళ మార్చి, అట్ల మూడుసార్లు చేసినం. నేను పోసిన స్టీరింగ్ ఆయిల్ కూడా అట్లనే బయటికి పోయింది. మిషన్ పెట్టి ప్రెషర్‌తోని కడిగేస్తం అని కొందరంటరు. పాత గేర్‌బాక్స్‌కు అది వద్దు, మూలలకు పట్టిన చెత్త లేచి సన్నటి దారులల్ల ఇరుక్కుంటది.

"ఆయిల్ మారిస్తే ఉన్న గేర్‌బాక్స్ కూడా పోతది" అని మీరు విని ఉంటరు. పూర్తి అబద్ధం కాదు అది. క్లచ్‌లు పూర్తిగ అరిగిన గేర్‌బాక్స్‌ల, ఆ పాత ఆయిల్ల కలిసిన పొడే ఎంతో కొంత పట్టు ఇస్తుంటది. కొత్త ఆయిల్ పోస్తే ఆ పట్టు కూడా పోయి బండి కదలదు. ఆయిల్ వచ్చి పాడుచేసింది కాదు, అప్పటికే పాడైన దాన్ని బయటపెట్టింది. మా దానికి అట్ల కావచ్చని ముందే చెప్పిండు ఆయన, ఒప్పుకున్నంకనే చేసిండు. మొదటిసారి కొత్త ఆయిల్ పోసి డి ల వేసినప్పుడు మా ముగ్గురికీ ఊపిరి ఆడలేదు. పట్టుకున్నది.

ఇప్పుడు ఎట్లున్నది అంటే, పొద్దున వెంటనే కదులుతది. లింప్ మోడ్ మళ్ళ రాలేదు. వణుకు పోయింది. బాగ వేడెక్కినంక రెండు నుంచి మూడుకు పోయేకాడ ఆ జారుడు మాత్రం కొంచెం ఉన్నది. అది పోదు. క్లచ్ ప్లేట్లు అరిగినయి, వాటిని మార్చాలంటే మొత్తం విప్పాలె, మా హద్దు దాటుతది. కాబట్టి మేము చేస్తున్నది దాన్ని వేడికి దూరం పెట్టుడు. రామగుండం ఎండ మీకు తెలిసిందే, మే నెలల 45 దాటుతది. ఆయిల్ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమైతది అని మెకానిక్‌ల మోటు లెక్క ఒకటి ఉన్నది. పైగా మన రోడ్ల మీద బొగ్గు దుమ్ము. రేడియేటర్, కూలర్ ముందట ఉండే సన్న రేకుల నడుమ ఆ దుమ్ము మెత్తగ చేరి గాలి ఆడనియ్యదు. నెలకోసారి పైపుతోని నీళ్ళు కొట్టి కడుగుతం, ఎక్కువ ప్రెషర్ పెట్టం, రేకులు వంగుతయి.

నడిపే తీరు బాపుకు నేను నేర్పేదేం లేదు, ఆయననే నాకు నేర్పిండు. రివర్స్‌ల నుంచి డి కి వేసేముందు బండి పూర్తిగ ఆగాలె. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తోని పట్టి ఉంచొద్దు, బ్రేక్ తొక్కాలె, లేకుంటే కన్వర్టర్ల ఆయిల్ ఉడుకుతది. ఏటవాలుల పార్క్ చేస్తే ముందు హ్యాండ్ బ్రేక్ గుంజి, అప్పుడు పి ల వేయాలె, లేకుంటే బండి బరువు మొత్తం లోపల ఒక చిన్న ఇనుప పన్ను మీద పడుతది. పవర్ చూస్త అని ఎవరన్న బ్రేక్ తొక్కి పట్టి డి ల యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే, ఐదు సెకండ్లకన్న ఎక్కువ తొక్కనియ్యకుండ్రి. దార్ల ఆగిపోతే ముందు చక్రాలు రోడ్డు మీద ఉండంగ తాడు కట్టి గుంజనియ్యకుండ్రి, మన చిన్న కార్లల్ల ముందు చక్రాలే తిరుగుతయి. ఇంజిన్ బంద్ ఉంటే లోపల ఆయిల్ పంపు నడవదు, గేర్లు ఎండుగ తిరిగి కాలిపోతయి. ఫ్లాట్‌బెడ్ పిలవాలె, ఖర్చైనా సరే.

ఒక చిన్న బ్లూటూత్ స్కానర్ కొని కారుకు పెట్టిన, ఫోన్‌ల గేర్‌బాక్స్ ఆయిల్ వేడి కనబడుతది. అన్ని కార్లల్ల రాదు, మా దాంట్ల వస్తుంది. ఎనభై నుంచి తొంభై ఐదు డిగ్రీల దాక మామూలే. నూటపది దాటనియ్యం అని అనుకున్నం. ఫోన్‌ను స్టీరింగ్ పక్కన పెట్టి ఇచ్చిన రోజు బాపు దాన్ని చానసేపు చూసిండు. "ఇగ ఇది నా డంపరే" అన్నడు.

మొన్న శనివారం అమ్మను తీసుకొని పొద్దున ఐదు గంటలకే బయలుదేరిండు, ఎండ ముదరకముందే కరీంనగర్ చేరాలని. వచ్చేటప్పుడు పన్నెండు దాటింది. సుల్తానాబాద్ దగ్గర ఫోన్‌ల 108 చూపించిందట. రోడ్డు పక్కన చెట్టు కింద ఆపి, పి ల పెట్టి, ఇంజిన్ నడుస్తనే ఉండంగ పావుగంట కూసున్నరు. బాపు కారు దిగలేదు, అమ్మనే పోయి రెండు చాయ్‌లు తెచ్చింది. తొంభై రెండుకు దిగినంక మళ్ళ కదిలిన్రు.